ఒక తొట్టిలో రెండు ఫైటర్లు

మగ ఫైటర్ చేపనూ ఆడ ఫైటర్ చేపనూ ఒకే తొట్టిలో ఉంచొచ్చా అని ఎవరైనా అడిగితే, ఆ ఎండాకాలానికి ముందు నేను ఆలోచించకుండా జవాబు చెప్పేవాణ్ని. ఉంచొచ్చు, కాకపోతే ఉంచేవాడు నేనై ఉండాలి అనేవాణ్ని. యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంటు చేపల గదిలో పన్నెండేళ్లుగా ల్యాబ్ అసిస్టెంటుని. ప్రొఫెసర్లు పాఠం చెప్తారు, స్కాలర్లు థీసిస్ రాస్తారు, చేపలు బతికుండేది మాత్రం నా చేతుల్లో. ఈ మాట నాకు నేనే చెప్పుకుంటాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

మా ఇల్లు తార్నాకలో, మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో సగం నా తొట్టిదే. మూల పగిలిందని డిపార్ట్‌మెంటులో పక్కన పడేసిన మూడడుగుల గాజు తొట్టిని అడిగి తెచ్చుకుని, అతుకు వేసి, ఇసుక పోసి, నాచు మొక్కలు నాటాను. అమల దానికి ‘నా సవతి’ అని పేరు పెట్టింది.

అమల నా భార్య. మా డిపార్ట్‌మెంటులోనే ఎమ్మెస్సీ చదివింది. ప్రాక్టికల్స్‌లో ఆమె బ్యాచ్‌కి చేపలు అందించింది నేనే. “నేను పుస్తకంల చదివింది నువ్వు చేతులు తడుపుకొని నేర్సుకున్నవ్” అని ఒకరోజు అంది. ఆ ఒక్క మాటకి పడిపోయాను. మా ఇద్దరిలో ఎవరికి చేపల గురించి ఎక్కువ తెలుసు అనే గొడవ మాత్రం పెళ్లయి నాలుగేళ్లయినా తేలలేదు.

మా బిడ్డ భూమికకు అప్పుడు పదకొండు నెలలు. అది కడుపులో ఉండగా అమల రాసిన పరీక్షకి మే నెలాఖరులో ఫలితం చేతికొచ్చింది. గురుకులంలో టీచరు ఉద్యోగం. ఊరు కాగజ్‌నగర్ దాటి ఇంకా లోపలికి. ఆడపిల్లల హాస్టలు, టీచర్లు అక్కడే ఉండాలి. పదిహేను రోజుల్లో చేరకపోతే పోస్టు వెనక ఉన్నవాళ్లకి పోతుంది. ఐదేళ్లు చదివి తెచ్చుకున్న ఉద్యోగం అది. ఆర్డరు ఫోన్‌లో చూసి అమల అరవలేదు, గంతులేయలేదు. పొయ్యి మీద పాలు దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని మళ్లీ ఒకసారి చదువుకుంది.

వార్త విని జనగామ దగ్గర మా ఊరి నుంచి అవ్వ దిగింది. అవ్వ అంటే మా అమ్మ, పేరు రాములవ్వ. బస్సు దిగేటప్పటికే ఆమె మనసులో నిర్ణయం అయిపోయింది.

“పిల్లను నేను తోల్కపోత. మోకాళ్ల నొప్పులున్నా ఊళ్లె పదిమంది ఉన్నరు సూడనీకె” అంది.

“పిల్ల వాళ్ల నాయిన దగ్గర్నే ఉంటది అత్తా” అంది అమల. నెమ్మదిగానే అంది, కానీ ఆమె ఆ గొంతుతో అన్నాక మార్చడం ఎవరి తరమూ కాదు. “ఆయన సూస్త అంటె నేను పోత. సూడను అంటె పోను. నడిమిట్ల ఇంకో ముచ్చట లేదు.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేనా వెనక్కి తగ్గేది?

“నేను సూస్త” అన్నాను. “గిదేమన్న పెద్ద పనా?”

అవ్వ పకపకా నవ్వింది. “మొగోని సేతిల పాలు తాగే పిల్ల ఆగుతదారా?”

అప్పటికి నాలుగు రోజుల ముందే నల్లకుంటలోని దుకాణం నుంచి ముదురు నీలం రంగు మగ ఫైటర్‌ని తెచ్చి తొట్టిలో వదిలి ఉన్నాను. అవ్వ చెయ్యి పట్టుకుని దాని ముందు నిలబెట్టాను. నీటి మీద తేలుతున్న బాదం ఆకు కింద అది నురగతో గూడు కడుతోంది. పైకి వచ్చి గాలి మింగడం, బుడగ చేసి ఆకు కింద అంటించడం, మళ్లీ పైకి.

“సూడు. ఇది మొగది. గూడు కట్టేది గిదే. గుడ్లు కిందవడితే నోట్లె వట్టుకొని మళ్ల గూట్లె వెట్టేది గిదే. పిల్లల్ని సాదేది గూడ గిదే.”

“మరి ఆడది ఏం జేస్తది?”

“గుడ్లు వెట్టినంక పక్కకు పోతది.”

“పోవుడు గాదు” అంది అమల వెనక నుంచి. “మనం తియ్యాలె. తియ్యకపోతె అదన్న గుడ్లు తింటది, లేకుంటె మొగది దాన్ని కొట్టి సంపుతది.”

“గది శిన్న డబ్బాలల్ల. నా ట్యాంకుల గాదు” అన్నాను. “రెండిటినీ ఒక్కటే ట్యాంకుల, ఎండాకాలం అయిపోయేదాక ఉంచి సూపెడ్త. సూస్తుండు.”

ఎందుకంత పట్టుదల వచ్చిందో అప్పుడు నాకు తెలియదు. చేపల మీద పందెం అనుకున్నాను.

*

చేరేటప్పుడు అమల డిగ్రీ ఒరిజినల్ చూపించాలట. ప్యాసైన కొత్తలో తాత్కాలిక సర్టిఫికెట్ తీసుకుని ఊరుకుంది, ఒరిజినల్‌కి దరఖాస్తే పెట్టలేదు. క్యాంపస్‌లో పనిచేసేవాణ్ని నేనే కాబట్టి ఆ పని నాది. మర్నాడే ఫారం నింపి ఇచ్చాను. ఆఫీసువాళ్లు అర్జెంటు అంటే వారం అన్నారు. సరిగ్గా వారానికి, శుక్రవారం మధ్యాహ్నం, సంతకం పెట్టించుకుని నా చేతిలో పెట్టారు.

మందపాటి కాగితం. రెండు భాషల్లో అమల పేరు. దాన్ని పట్టుకుని మండే ఎండలో చేపల గదికి నడిచొచ్చాను. మొక్కజొన్న కంకులమ్మే బండి దగ్గర ఆగి అమలకి ఫోన్ చేద్దామని తీశాను. చెయ్యలేదు. గదిలోకి వెళ్లి టేబులు డ్రాయర్ లాగి, థర్మామీటర్ల పెట్టె కింద కాగితం పెట్టి, తాళం వేశాను. సాయంత్రం తీసుకుపోదామనుకున్నాను. సాయంత్రం తాళంచెవి జేబులోనే ఉండిపోయింది.

“వచ్చిందా?” అంది అమల తలుపు తీస్తూనే.

“ఇంక రాలె. సోమవారం అంటున్నరు.”

నా జీవితంలో అంత సులువుగా అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. అందుకే భయం కూడా వేసింది. పిల్లని చూసుకోలేనని కాదు. ఆ కాగితం చేతికొచ్చేదాకా ‘నేను సూస్త’ అనడం గొప్పగా ఉంది. కాగితం చేతికొచ్చాక, పొద్దున్నే లేస్తే అమల లేని వంటగది కళ్లముందుకొచ్చింది. గడువు దాటిపోతే ఎవరి తప్పూ కాదు, ఆఫీసు ఆలస్యం అని సరిపెట్టుకోవచ్చు అని మనసులో ఒక మూల లెక్కేసుకున్నాను. ఇప్పుడు చెప్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం తెలివిగా అనిపించింది.

చేపల గదిలో నాకు పై ఉద్యోగి ఆనందరావు గారు. తెనాలి వైపు మనిషి, మెట్టుగూడలో ఉంటారు, ప్రతి ఆదివారం చర్చి తప్పరు. ఆ డిసెంబరుకి రిటైరవుతారు. ఆడ ఫైటర్‌ని నాకిచ్చింది ఆయనే. కడుపు నిండుగా, పొట్ట కింద తెల్లటి గుడ్డు చుక్క స్పష్టంగా కనపడే చేప. ఇచ్చేటప్పుడే జాగ్రత్త చెప్పారు.

“మొదట రెండు రోజులు సీసాలో పెట్టి మగదానికి చూపించు. పరుగు తగ్గాక వదులు. గుడ్లయ్యాక ఆడదాన్ని తీసెయ్. నీకు తెలీదని కాదయ్యా, నువ్వు వినవని చెప్తున్నా.”

“నాది పెద్ద ట్యాంకు సార్. నాచు ఉంది, ఆకులు ఉన్నయి, రెండు కుండపెంకులు వెట్టిన. దాసుకోనీకె మస్తు జాగ ఉన్నది.”

“తొట్టి పెద్దదైతే తరమడానికి ఇంకాస్త చోటు దొరుకుతుంది. అంతే” అన్నారాయన. నేను నవ్వేసి ఊరుకున్నాను.

*

ఆడదాన్ని తొట్టిలోకి వదిలాను, ఆదివారం పొద్దున రెండూ కలిశాయి. ఇంట్లో అందరం తొట్టి ముందు చేరాం. అవ్వ పీట వేసుకుంది. అమల నేల మీద కూర్చుని భూమికని ఒళ్లో పెట్టుకుంది. నేను నిలబడి చేతులు కట్టుకున్నాను, అదంతా నేనే చేయించినట్టు.

ఆడదాని ఒంటి మీద నిలువు చారలు తేలాయి. గూటి కిందికి తల వంచుకుని వచ్చింది. మగది ఒళ్లంతా వంచి దాన్ని చుట్టుకుంది. రెండూ ఒక్క క్షణం కదలకుండా ఆగాయి. తర్వాత గసగసాలంత తెల్లటి గుడ్లు ఒక్కొక్కటే కిందికి రాలాయి. మగది విడిపించుకుని వాటి వెంట దిగి, నోటితో ఏరుకుని, పైకి వెళ్లి గూట్లో అంటించింది.

“అయ్యో, మింగుతున్నదిరా!” అంది అవ్వ.

“మింగది అత్తా. దాస్తది” అంది అమల.

మళ్లీ కలవడం, మళ్లీ ఏరుకోవడం, గంటన్నర పాటు. భూమిక గాజు మీద అరచేతులతో టపటపా కొట్టింది. అవ్వ రెండు చెంపలూ నొక్కుకుని “గిట్లాంటి మొగోణ్ని నేను ఏడ సూడలే” అంది. అప్పుడు నా గొప్ప చూడాలి. ఇంటిల్లిపాదికీ నేనే టీ పెట్టాను.

మధ్యాహ్నానికి గూడు నిండింది. మగది ఆడదాన్ని దూరం నెట్టడం మొదలుపెట్టింది.

“ఇగ తీద్దమా దాన్ని?” అంది అమల.

“ఉండనీ. ఆకుల కింద దాసుకుంటది.”

“పుస్తకంల...”

“పుస్తకం రాసినోడు నా ట్యాంకు సూడలే.”

అమల నా ముఖంలోకి కాసేపు చూసింది. “సర్టిఫికెట్ గురించి రేపు మళ్ల అడుగుతవా?” అంది.

“అడుగుత.”

“మర్శిపోకు.”

సోమవారం మగది ఆడదాన్ని తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తరుముతూనే ఉంది. నేను ఇంకో నాలుగు బాదం ఆకులు వేశాను. క్యాంపస్‌లో రాలిన ఆకులే, కడిగి ఎండబెట్టినవి. ఇంకో కుండపెంకు వేశాను. అవ్వ చూసి “ఇల్లు కట్టిస్తున్నవా దానికి?” అంది. సాయంత్రం అమల మళ్లీ అడిగింది, నేను మళ్లీ “రేపు” అన్నాను. గడువుకి ఇక నాలుగు రోజులు.

*

మంగళవారం పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే అవ్వ కేకేసింది.

“ఓ సుదర్శనా! ఆడదాన్ని తియ్యిరా. అది మూలకు ఒదిగి సస్తున్నది.”

సబ్బు ముఖంతోనే వచ్చాను. ఆడది తొట్టి మూల గాజుకి అతుక్కుని ఉంది. తోక చీలికలైపోయింది. ఒక పక్క పొలుసులు లేచిపోయి ఎర్రగా కనిపిస్తోంది. గాలి కోసం పైకి రాబోతే మగది దూసుకొచ్చింది, మళ్లీ కిందికి పోయింది. గూడు వైపు చూశాను. సగం ఖాళీ. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆడది చేతనైనన్ని గుడ్లు తిన్నట్టుంది. మిగిలిన గుడ్లు పగిలి, సన్నటి పిల్లలు తోకలు కిందికి వేలాడేసి బుడగలకు అంటుకుని ఉన్నాయి. మగది పడిన పిల్లని ఏరాలా, ఆడదాన్ని కొట్టాలా అని అటూ ఇటూ ఉరుకుతోంది.

పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, అక్కడే నిలబడిపోయాను.

అమల వచ్చి భూమికని నా చేతుల్లో పెట్టింది. గ్లాసు జాడీలో తొట్టి నీళ్లే ముంచి, రెండో చెయ్యి నీళ్లలో పెట్టి, తొందరపడకుండా ఆడదాన్ని మూల నుంచి జాడీలోకి మళ్లించింది. ఒక బాదం ఆకు తుంపి అందులో వేసింది. జాడీని వంటగది గూట్లో, తొట్టి కనపడనిచోట పెట్టి వచ్చింది. మగది రెండు చుట్లు తిరిగి, ఇంకెవరూ లేరని తెలుసుకుని, గూటి కిందికి వెళ్లి పడుతున్న పిల్లల్ని ఏరడం మొదలుపెట్టింది.

“ఇగ రెండూ బతుకుతయి” అంది అమల, చెయ్యి తుడుచుకుంటూ. ఆ తువ్వాలుతోనే నా ముఖం మీది సబ్బు కూడా తుడిచింది. “సర్టిఫికెట్ శుక్రవారమే తీసుకున్నవ్ గదా.”

అవ్వ మా ఇద్దరినీ చూసి, మోకాళ్లు పట్టుకుని లేచి, వంటగదిలోకి వెళ్లింది.

“ఎట్ల ఎరుక?” అన్నాను.

“ఫారంల నా నంబరే రాసినవ్. నువ్వు సంతకం వెట్టంగనే మెసేజ్ వచ్చింది.”

“మరి అడగలే?”

“రోజు అడిగిన గదా. ‘రేపు అడుగుతవా’ అని రోజు అడిగిన.”

భూమిక నా చెంప మీద మిగిలిన నురగని వేలితో తీసుకుని నోట్లో పెట్టుకోబోయింది. అమల ఆ వేలు పట్టుకుని తుడిచింది.

“నీ డ్రాయర్ తాళంచెవి ఏ జేబుల ఉంటదో నాకు తెల్వదా? తెచ్చుకునుడు నాకు పెద్ద పని గాదు” అంది. “గట్ల తెచ్చుకొని పోతె బిడ్డను ఏ ధైర్యంతోని ఇడిచిపెట్టి పోవాలె? నువ్వు తెచ్చి ఇస్తెనే పోత. ఇయ్యకపోతె శుక్రవారం దాక సూసి, ఆర్డరు పక్కన వెడ్త. నిన్ను ఒక్క మాట అనను.”

చివరి మాట విన్నాక నాకు నిజంగా భయం వేసింది. ఆమె అనదు. అన్నమాట మీద నిలబడుతుంది. మా ముగ్గురి జీవితాల్లోనూ ఆ అనని మాట ఉండిపోతుంది.

భూమికని చంకలో వేసుకుని అలాగే బండి దగ్గరికి దిగబోయాను. “పిల్లనేడికి తోల్కపోతున్నవ్?” అని అమల వెనకే వచ్చి దాన్ని తీసుకుంది. తార్నాక చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసుకున్నాను, కాలికి చెప్పులు లేవు. చేపల గది తెరిచే ఉంది. ఆనందరావు గారు నీళ్లు మారుస్తున్నారు.

“ఏమోయ్, ఆడదాన్ని తీశావా?”

“అమల తీసింది సార్.”

ఆయన నా కాళ్లకేసి చూశారు, డ్రాయర్‌లోంచి నేను తీస్తున్న కాగితంకేసి చూశారు. కాగితం నలగకుండా ఒక అట్ట ఫైలు ఇచ్చారు.

ఇంటికొచ్చి ఫైలు అమల చేతిలో పెట్టాను. “భయమైంది. పిల్లకు గాదు. నువ్వు లేని ఇల్లు నాకు తెల్వదు” అన్నాను.

“నాకు లేదా భయం?” అంది. ఫైలు తెరిచి తన పేరు చదువుకుంది. రెండు భాషల్లోనూ చదువుకుంది. తర్వాత కూర్చుని ఏడ్చింది, నేను పక్కన కూర్చున్నాను. అవ్వ వంటగదిలోంచి “అన్నం సల్లారుతున్నది” అని రెండుసార్లు పిలిచింది.

*

బుధవారం నాకు పరీక్ష పెట్టింది అమల. తెల్లారేసరికి తయారై, హబ్సిగూడలో పరుపూ బకెట్లూ కొనుక్కుంటానని, చిన్ననాటి స్నేహితురాలిని చూసొస్తానని బయల్దేరింది. పొద్దుమూకేదాకా రానంది. పోతూ పోతూ అవ్వకి కూడా ఆంక్ష పెట్టింది.

“అత్తా, నువ్వు పిల్లను ముట్టద్దు. సూసుకుంట కూసో.”

“నోరు గూడ తెరవద్దా?” అంది అవ్వ.

“అది నీతోని అయితదా?” అని నవ్వుతూ మెట్లు దిగింది.

ఆరోజు సంగతి క్లుప్తంగా చెప్తాను. రాగిజావ మూడుసార్లు కాచాను. ఒకసారి పలచన, ఒకసారి ఉండలు, మూడోసారి కుదిరింది కానీ అప్పటికి భూమికకి ఆకలి చచ్చి కోపం మిగిలింది. స్నానం చేయిస్తే నేనే ఎక్కువ తడిశాను. చేపని జారిపోకుండా పట్టుకోవడం వచ్చినవాడికి బిడ్డని పట్టుకోవడం వచ్చి తీరుతుందని అవ్వతో అన్నాను. “చేపకు మెడ నిలవెట్టే పని లేదురా, కొడుకా” అంది. మధ్యాహ్నం నిద్రకి తల్లి కావాలని మారాం మొదలైంది. ఇంట్లో ఎత్తుకుని తిరిగాను, మెట్ల మీద తిరిగాను, ఆఖరికి ఆటో ఎక్కి క్యాంపస్‌కి తీసుకుపోయి చెట్ల నీడలో కాళ్లు పీకేదాకా నడిచాను. భుజం మీద తల వాల్చి పడుకుంది. లేస్తుందేమోనని ఆటో అతన్ని హారన్ కొట్టొద్దని బతిమాలి ఇంటికి తెచ్చాను.

అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. పిల్లని పడుకోబెట్టి వచ్చి పక్కన కూలబడ్డాను.

“మీ నాయిన నిన్ను ఎత్తుకోంగ నేను ఒక్కపారి గూడ సూడలే” అంది అవ్వ. ఫిర్యాదేం లేదు ఆ గొంతులో. “నీ మీద పానం ఉండేది ఆయనకు. నలుగుర్ల సిగ్గువడేటోడు.”

తర్వాతి సంగతీ తనే తేల్చింది. “నువ్వు డ్యూటీకి పోయినంక పగటీలి నేను సూస్త, ఈడనే ఉంట. పొద్దుగాల, మాపటీలి నీదే. నేను లెవ్వ.”

అలా మా అవ్వ పొలం పాలికిచ్చి తార్నాకలో ఉండిపోయింది.

గురువారం మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో అమలని రైలెక్కించాం. పాలు, మందులు, టీకా తేదీలు అన్నీ రాసిన కాగితం నా జేబులో పెట్టింది. భూమికని ముద్దు పెట్టుకుని నాకిచ్చి, సామాను సర్దుకుని కిటికీ దగ్గర కూర్చుంది. రైలు కదిలాక చెయ్యి ఊపింది. నేను భూమిక చెయ్యి పట్టుకుని ఊపాను. ఇంటికొచ్చేసరికి ఫైటర్ పిల్లలు గూడు వదిలి సొంతంగా ఈదుతున్నాయి. ఆ దశలో తండ్రినీ తీసెయ్యాలి, లేకపోతే ఆకలేసి అదే పిల్లల్ని తినొచ్చు. మగదాన్ని వేరే సీసాలోకి మార్చాను. ఎందుకని అవ్వ అడిగితే, “అలిసిపోయింది, రెస్ట్ ఇచ్చిన” అని చెప్పాను. అన్ని సంగతులూ అవ్వకి చెప్పాల్సిన పని లేదు.

*

ఆ తర్వాతి నలభై రోజులు నేనెలా చేశానంటే, బాగా చేశాను. తగ్గించి చెప్పుకోవడం నాకు రాదు. జావ ఉండ కట్టకుండా కాచడం, జ్వరం వచ్చే ముందు చెవులు వేడెక్కడం గుర్తుపట్టడం, పళ్లు వచ్చేటప్పుడు కీరదోస ముక్క చల్లబెట్టి ఇవ్వడం వచ్చేశాయి. డిపార్ట్‌మెంటులో నాకు ‘సుదర్శనమ్మ’ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లే తమ పిల్లలకి దగ్గొస్తే నన్నే అడిగేవారు. అమల రోజూ సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు వీడియో కాల్ చేసేది. భూమిక ఫోన్ పట్టుకుని నాకేది, తర్వాత తిప్పి వెనక ఏముందో చూసేది. పదమూడో నెలలో నడక వచ్చింది. మొదటి అడుగులు వీడియో తీసి పంపితే అమల జవాబుగా ఏమీ రాయలేదు, ఫోన్ చేసింది. “నిజంగనేనా, మంచం వట్టుకోకుంటనే?” అని నాలుగుసార్లు అడిగింది.

బోనాలకి సెలవు దొరికి మొదటిసారి ఇంటికొచ్చింది. నల్లబడింది, గొంతు పెరిగింది, నడకలో ఒక దర్జా వచ్చింది. క్లాసులో ఎనభైమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టే మనిషి మరి. భూమిక ఆమెని చూసి నా భుజంలో ముఖం దాచుకుంది. పావుగంటకి తొంగి చూసింది. గంటకి ఆమె గాజులతో ఆడుకుంది. అమ్మయ్య అనుకున్నాం అందరం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అమల గడప దగ్గర కూర్చుని తన స్కూలు కబుర్లు చెప్తోంది. అవ్వ వక్క నములుతూ వింటోంది. నేను గదికి ఆ చివర బట్టలు మడతపెడుతున్నాను. భూమిక గడప దాటబోయి బోర్లా పడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. అమల చేతికందే దూరంలోనే పడింది. అమల రెండు చేతులూ చాచి “రా బిడ్డా, రా” అంది.

భూమిక లేచింది. ఏడుస్తూ, ఆ చేతుల పక్క నుంచి తప్పుకుని, గది మొత్తం నడిచి, నా దగ్గరికి వచ్చి రెండు మోకాళ్లూ పట్టుకుంది.

నేనెంత బాగా చేస్తున్నానో అమల కళ్లారా చూడాలని ఆ నలభై రోజులూ కోరుకున్నాను. చూసింది. చాచిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. భూమికని ఎత్తుకోకుండా దాని భుజాలు పట్టుకుని తల్లి వైపు తిప్పబోయాను.

“నువ్వెత్తుకో, అమలా.”

“వద్దు” అంది. “తిప్పకు దాన్ని. నిన్నే అడుగుతున్నది. ఎత్తుకో.”

ఎత్తుకున్నాను. అది నా మెడ చుట్టూ చేతులు వేసి వెక్కుతూ ఉంది. అమల లేచి, తడిగుడ్డ తెచ్చి, నా ఎదురుగా నిలబడింది. నేను పిల్ల గడ్డం పట్టుకుంటే, ఆమె దాని పెదవి మీది రక్తం ఒత్తి తుడిచింది. తన కళ్ల నీళ్లు మాత్రం తుడుచుకోలేదు.

“ఏడుపొస్తున్నది” అంది. “రానీ. రేపు పొద్దుగాల రైలుకు ఇగ నిమ్మళంగ పోత.”